ఫోటో అడగకుండా ఇచ్చే డబ్బు

మొన్న ఒకాయన ఫోన్ చేశారు. మంచి మనిషే. కాలిన పిల్లల కోసం మేం చేసే సాయానికి పదివేలు పంపుతానన్నారు. "ఆపరేషన్‌కు ముందుదొకటి, తర్వాతదొకటి పాప ఫోటోలు పంపండమ్మా, మావాళ్లకు చూపిస్తాను" అన్నారు. ఆ పాప బొబ్బిలి దగ్గర పల్లెలో ఏడో తరగతి చదువుతోంది. ఒళ్లు కాలిన దగ్గర్నుంచి ముఖానికి చున్నీ చుట్టుకునే పడుకుంటోంది. ఆ పిల్లను ఫోటోకు కూర్చోమని నేను అడగలేను. ఆయనకు అదే చెప్పాను. డబ్బు రాలేదు.

2003లో విజయనగరంలో మేం అద్దెకున్న ఇంట్లో పంపు స్టవ్వు భగ్గుమంది. మా చెల్లికి అప్పుడు తొమ్మిదేళ్లు. చెంప, మెడ, ఛాతీ కాలాయి. ప్రాణం దక్కింది, అదే చాలనుకున్నాం. పుండ్లు మానేకొద్దీ చర్మం ముడుచుకుపోయి గడ్డాన్ని ఛాతీ మీదికి లాగేసింది. తలెత్తి ఫ్యాను వంక చూడలేకపోయేది. పెదవులు మూతపడక అన్నం మెతుకులు జారిపోయేవి. విశాఖలో పెద్దాసుపత్రి డాక్టర్లు తొడ చర్మం తీసి మెడకు వేశారు. దానికి మాకు పైసా ఖర్చు కాలేదు.

ఖర్చంతా ఆ తర్వాతే మొదలైంది. వేసిన చర్మం మళ్లీ ముడుచుకోకుండా మెడకు పట్టీ, ఒంటికి బిగుతుగా పట్టి ఉంచే ప్రెజర్ గార్మెంట్. రోజుకు 23 గంటలు వేసుకోవాలన్నారు. స్నానానికీ, నూనె మర్దనాకీ తప్ప తీయకూడదు. అదీ ఏడాది పైనే. ఒకటి ఉతికితే వేసుకోవడానికి ఇంకోటి ఉండాలి. మూణ్ణెల్లు వాడేసరికి సాగిపోతుంది, మళ్లీ కొలతలిచ్చి కొత్తది కుట్టించాలి. ఎదిగే పిల్లలకు ఇంకా ముందే బిగుతైపోతుంది. రోహిణి కార్తెలో ఆ బట్ట లోపల చెమట, దురద. అమ్మ రాత్రంతా విసనకర్ర పట్టుకుని కూర్చునేది. ఫిజియోథెరపీకి విశాఖ వెళ్లాలంటే ఇద్దరికి బస్సు టికెట్లు, నాన్నకు ఆ రోజు కూలి పోయినట్టే. ఐదో నెలలో నాన్న చేతులెత్తేశారు. మెడ మళ్లీ బిగిసింది. రెండోసారి కత్తి పెట్టాల్సి వచ్చింది. రెండు జతల బట్టలకూ బస్సు చార్జీలకూ డబ్బుంటే అది తప్పేదేమో అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆపరేషన్‌కు ఏదో ఒక దారి దొరుకుతోంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఉంది. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డలకు స్మైల్ ట్రెయిన్ లాంటి సంస్థల డబ్బుతో ఉచితంగా ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఆ తల్లుల ముఖాలు చూస్తే కడుపు నిండుతుంది. పెదవి కలిసిందంటే ఫోటోలోనే తెలిసిపోతుంది. కాలిన మచ్చ అలా కాదు. ఏళ్ల తరబడి చాకిరీ చేస్తే కాస్త మెత్తబడుతుంది, పూర్తిగా మాత్రం పోదు. ఎంత బాగైనా "తర్వాత ఫోటో"లో అది కనిపిస్తూనే ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో యాసిడ్ దాడి బాధితులను చేర్చారు. వాళ్లకు కనీసం 3 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. చాలా న్యాయమైన పని. కానీ అలాంటి మచ్చే స్టవ్వు మంటతో వస్తే, కాళ్లూ చేతులూ బాగానే ఆడుతుంటే, ఆ వరసలో చోటు లేదు. మా చెల్లిని ఉద్యోగానికి వద్దన్నవాళ్లు మచ్చ దేనివల్ల వచ్చిందో అడగలేదు.

ఇలాంటి పిల్లల కోసం మేం ఐదుగురు ఆడవాళ్లం నెలకు తలా ఐదొందలు వేసుకుంటాం. రిజిస్టరైన సంస్థ కాదు, ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే రసీదు ఇవ్వలేం, కంపెనీలు సమాజ సేవకు పెట్టే సీఎస్ఆర్ డబ్బు మా దాకా రాదు. అందుకే తెలిసినవాళ్లనే అడుగుతాం. లెక్కల పుస్తకం చెల్లి దగ్గరే ఉంటుంది. తను ఇప్పుడు బట్టలు కుట్టి బతుకుతోంది. సాయంత్రం షాపు మూశాక కాలిన పిల్లలకు ఫోన్లు చేస్తుంది. మళ్లీ బడికి వెళ్లే మొదటి రోజు "ఏమైంది నీ మొహానికి?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నేర్పుతుంది. "స్టవ్వు మంటకు కాలింది, ఇప్పుడు నొప్పి లేదు. నీ పేరేంటి?" అంతే. దీన్ని ఆ పిల్లలు ఫోన్లో పదిసార్లు అంటారు, తను పదిసార్లూ ఓపిగ్గా వింటుంది. బడికి తోడు వెళ్లిన రోజు తనకు కుట్టుకూలి పోతుంది. ఆ కూలి కూడా మేం ఇస్తాం. "అది సేవ కదా, దానికి డబ్బులెందుకు" అని ఒకావిడ అడిగారు. ఆ రోజు తన ఇంట్లో పొయ్యి వెలగాలి కదా అండీ.

పెళ్లిరోజుకు, తద్దినానికి అన్నదానం చేయిస్తాం. ఆ అలవాటు మనవాళ్లకు ఉంది. ఆ రోజున కాలిన బిడ్డకు ఒక జత ప్రెజర్ గార్మెంట్ కుట్టించండి. పేరు, ఊరు, ఫోటో అడగొద్దు. కొన్న బిల్లు నేను పంపుతాను.

బొబ్బిలి పాపకు మొదటి జత వచ్చింది. రెండోదానికి ఇంకా నాలుగు వేలు తక్కువ. నిన్న వాళ్లమ్మ ఫోన్ చేసింది: "అక్కా, రేత్రి ఉతికి ఆరేశాను, ముసురుకు పొద్దున్నకి కూడా ఆరలేదు. తడిదే వేసేయమంటావా?"