శ్వాసనాళాన్ని మార్చడం ఎందుకంత కష్టం?

గుండెను, కాలేయాన్ని మార్చగలిగిన వైద్యులు సుమారు 11 సెంటీమీటర్ల శ్వాసనాళం దగ్గర దశాబ్దాల పాటు తడబడటానికి ముఖ్య కారణం రక్తప్రసరణ. దానికంటూ ఒక పెద్ద ధమని లేదు. చుట్టూ ఉన్న అతిసన్నని రక్తనాళాలే ఒక్కో భాగానికి విడివిడిగా రక్తం అందిస్తాయి కనుక, తీసి అమర్చిన నాళానికి మళ్లీ రక్తం పారించడం చాలా కష్టం.

పరకాల దగ్గర పత్తి చేనుకు పురుగుమందు కొడుతూ విషప్రభావానికి లోనైన మా చిన్నాయన చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. గొట్టం ఒరిపిడికి ఆయన శ్వాసనాళం కుంచించుకుపోయింది; మెడకు చేసిన రంధ్రాన్ని వేలితో మూస్తేనే మాట బయటికి వస్తుంది. "మూలకణాలతో కొత్తది చేస్తరట గద బిడ్డా" అని ఆశగా అడుగుతారు. మూలకణాలంటే ఇతర రకాల కణాలుగా మారగలిగే కణాలు.

ఆ ఆశను అమ్ముకున్నవారూ ఉన్నారు. 2011లో స్వీడన్‌లోని కరోలిన్స్కా ఆసుపత్రిలో పావొలో మకియారిని అనే సర్జన్ ప్లాస్టిక్ నాళంపై రోగి మూలకణాలను చేర్చి అమర్చారు. అక్కడ అలా అమర్చిన ముగ్గురు రోగులూ తరువాత మరణించారు, 2023లో అప్పీలు కోర్టు ఆయనకు రెండున్నరేళ్ల జైలు శిక్ష విధించింది. నా దృష్టిలో అది పరిశోధన కాదు, తొందరపాటు. 2021లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో ఎరిక్ గెండెన్ బృందం దాత శ్వాసనాళాన్ని రక్తనాళాలతో సహా అమర్చింది. అయితే చిన్నాయన వంటివారికి నేటికీ ప్రధాన శస్త్రచికిత్స, పాడైన ముక్కను కోసి కొసలు కలిపి కుట్టడమే. పెద్దవారిలో దాదాపు సగం పొడవు వరకు అది సాధ్యం.