36 ఏళ్లకు పండ్లకు క్లిప్పులు: నా అనుభవం

2022 ఎండాకాలంలో అన్నం తిన్నప్పుడల్లా అంగిట్లో మంట. నోటిపూత అనుకొని నెల రోజులు బి-కాంప్లెక్స్ గోలీలు మింగాను. ఒకనాడు సెల్‌ఫోన్ లైటు వేసి అద్దంలో చూసుకుంటే పై ముందుపండ్ల వెనక ఎర్రగా, వరుసగా నాలుగు గాట్లు. నా కింది పండ్లే! నోరు మూసినప్పుడల్లా అంగిట్లో దిగబడుతున్నాయి.

నావి చిన్నప్పటి నుంచి ఎత్తుపండ్లు. మా ఇంట్లో అది అందం ముచ్చట మాత్రమే. "మొగపిల్లగానికి ఎత్తుపండ్లుంటే ఏమైతది" అని వదిలేశారు. లోపల కొరుకు, అంటే పై పండ్లు కిందివాటితో కలిసే తీరు, ఎట్లుందో చూసినవాళ్లు లేరు. హన్మకొండలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను, నోటితోనే బతుకు. అయినా నేనూ చూసుకోలేదు.

మొదట వెళ్లిన క్లినిక్‌లో నోరు పూర్తిగా చూడకముందే ప్యాకేజీ చెప్పారు. మీ రక్తమే తీసి చిగుళ్లలో ఇంజక్షన్ ఇస్తాం, ఆరు నెలల్లో క్లిప్పులు తీసేస్తాం అన్నారు. ఆశ పుట్టిన మాట నిజం. కానీ కౌంటర్ దగ్గర అడ్వాన్స్ కోసం చేసిన తొందర చూసి బయటికొచ్చేశాను.

రెండో చోట ఆర్థోడాంటిస్ట్ (వంకర పండ్లు సరిచేసే డాక్టర్) మేడమ్ ముందు ఓపీజీ, అంటే అన్ని పండ్లూ ఒకేసారి కనబడే ఎక్స్‌రే, తల పక్కనుంచి ఇంకో ఎక్స్‌రే తీయించారు. తర్వాత నీలం కాగితం ముక్క పండ్ల నడుమ పెట్టి "టకటక కొరకండి సార్" అన్నారు. చేతి అద్దంలో చూపిస్తే ఎడమ దవడ పండ్ల నిండా నీలం చుక్కలు, కుడివైపు ఒకే ఒక్క పండు మీద నల్లగా మచ్చ. కుడివైపు పై పండ్లు కిందివాటికి బయట ఉండాల్సింది పోయి లోపలికి కూర్చున్నాయట. "తలుపు చట్రంలో సరిగ్గ పడకపోతే పక్కకు జరిపి మూస్తం కదా, మీ దవడ రోజూ అదే చేస్తుంది" అన్నారు. ఆవులించినప్పుడు కుడి చెవి దగ్గర టక్కుమనే చప్పుడు గురించి అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. ఆమే అడిగారు.

ఎత్తుపండ్లు, కింది పండ్లు అంగిట్లో దిగే లోతు కొరుకు, కుడివైపు పై పండ్లు లోపలికి పడే అడ్డం కొరుకు: మూడూ ఒకే నోట్లో. పిల్లలకైతే ఎదిగే దవడను కొంత మళ్లించొచ్చు, నా వయసుకు ఎముక ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయింది. ఆపరేషన్ లేకుండా చేయొచ్చు గానీ పైన రెండు పండ్లు పీకాలి, రెండేళ్లు దాటుతుంది అన్నారు. ముందు చిగుళ్ల నుంచి రక్తం కారడం ఆగాలని రెండుసార్లు క్లీనింగ్ చేయించారు. విటమిన్ డి తక్కువుంటే వారానికో పొడి ప్యాకెట్ రాశారు. క్లిప్పుల పని ఆ తర్వాతే.

ఇంజక్షన్ సంగతి నేనే అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పారు. తీగ గుంజితే పండు ఊరికే జరగదు. నొక్కుడు పడ్డ వైపు ఎముకను కొన్ని కణాలు తినేస్తాయి, వెనక వైపు వేరే కణాలు కొత్త ఎముక కడతాయి. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. రక్తంలోని ప్లేట్‌లెట్లు గాయం మాన్పే పదార్థాలు వదులుతాయి కాబట్టి ఈ పని తొందరపడుతుందేమోనని ఇస్తారు. "కొన్ని పరిశోధనల్ల మొదట్ల కొంచెం తొందరగ కదిలింది, కొన్నిట్ల తేడానే లేదు. పండును గుంజేది మాత్రం తీగనే సార్." పండ్లు పీకిన గుంతలు మానడానికైతే అదే రక్తం నుంచి తీసిన ముద్ద వేద్దామన్నారు. సరే అన్నాను.

చేతి నుంచి రక్తం తీసి, ఏ మందూ కలపకుండా గొట్టాల్లో పోసి మిషన్‌లో తిప్పారు. ఆగాక చూస్తే అడుగున ఎర్రగా, పైన పసుప్పచ్చగా విడిపోయింది. ఆ పసుపుభాగం పేరుకొని చిన్న జున్నుముక్క లెక్క వచ్చింది. దాన్ని పట్టకారుతో పట్టి గుంతలో పెట్టి కుట్టు వేశారు. పుండ్లు బాగానే మానాయి. రెండువైపులా వేశారు కాబట్టి వెయ్యకపోతే ఎట్లుండేదో పోల్చడానికి లేదు. లెక్కల మాస్టరుకు ఇది కొంచెం బాధే.

నొప్పికి మా తమ్ముడు మెడికల్ షాపు నుంచి ఐబుప్రొఫెన్ తెచ్చాడు. మేడమ్ వద్దన్నారు. పండు కదలడానికి కావాల్సిన వాపునే ఆ మందు తగ్గిస్తుందట, పారాసెటమాల్ చాలన్నారు.

కింది పండ్లు అంగిట్లో దిగకుండా కొరుకు పైకి లేపడానికి పై ముందుపండ్ల వెనక పండ్ల సిమెంటుతో చిన్న దిమ్మెలు పెట్టారు. నెల రోజులు దవడ పండ్లు ఒకదానికొకటి తగల్లేదు. అన్నం పప్పుచారులో పిసికి మింగుడే. బుగ్గలోపల తీగ గీసిన చోట మిరపకారం తగిలితే కళ్లల్లో నీళ్లు. సంక్రాంతికి అమ్మ సకినాలు చాయలో మెత్తగా నానేసి గిన్నె నా ముందు పెట్టి, "పండ్లు రానోనికి పెట్టినట్టు పెడుతున్న బిడ్డా" అని నవ్వింది.

అసలు తప్పు నాదే. కుడివైపు అడ్డం కొరుకుకు చిన్న రబ్బర్లిచ్చారు, పై పండు లోపలి కొక్కెం నుంచి కింది పండు బయటి కొక్కేనికి. తినేటప్పుడు, పండ్లు తోముకునేటప్పుడు తప్ప రోజంతా ఉండాలి. ఒకరోజు త్రికోణమితి చెప్తుంటే రబ్బరు తెగి మొదటి బెంచీ మీద పడింది. ఒక పిల్లగాడు వేలిమీద పెట్టుకొని "సార్, ఇది మీదేనా" అన్నాడు. క్లాసంతా నవ్వు. ఆనాటి నుంచి కాలేజీలో పెట్టుకోవడం మానేశాను. నాలుగు నెలలు ఏ మార్పూ లేదు. మేడమ్‌కు రోజంతా పెట్టుకుంటున్నానని చెప్తూ వచ్చాను. ఆమె ప్యాకెట్ తెమ్మని, మిగిలిన రబ్బర్లను ట్రేలో పోసి లెక్కపెట్టారు. అరవైకి పైనే ఉన్నాయి. ఏమీ అనలేదు. నా ముఖం చూసి ప్యాకెట్ తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు నుంచి క్లాసులో కూడా పెట్టుకున్నాను. మొదటి వారం "స", "శ" రెండూ ఒక్కటే అయ్యాయి. పిల్లలు రెండు రోజులు నవ్వి మరచిపోయారు. రెండు నెలలకు ఆ పండ్లు బయటికొచ్చి కూర్చున్నాయి.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయి, బంగారం (అక్కడ బెల్లాన్ని అట్లనే అంటారు) ప్రసాదమే కదా అని గట్టి గడ్డ కొరికితే ఒక బ్రాకెట్, అంటే పండు మీద తీగను పట్టే చిన్న బిళ్ల, ఊడి చేతికొచ్చింది. దాన్ని జేబులో వేసుకొని వచ్చి మళ్లీ అతికించుకున్నాను. సెప్టెంబరులో అన్నీ తీశారు. చివరి రోజు మళ్లీ నీలం కాగితం కొరికించారు. చుక్కలు రెండువైపులా పడ్డాయి, ఒకచోట దట్టంగా ఉంటే కొంచెం అరగదీశారు. పండ్లు మళ్లీ పాత చోటుకు జరగకుండా కింద పండ్ల వెనక సన్నతీగ అతికించారు, పైన రాత్రిపూట ప్లాస్టిక్ తొడుగు. ఒకసారి ఆ తొడుగును కాగితంలో చుట్టి పళ్లెం పక్కన పెడితే మా ఆవిడ చెత్తలో పడేసింది, కొత్తదానికి మళ్లీ డబ్బులు కట్టాను.

అంగిట్లో గాట్లు మానిపోయాయి. చెవి దగ్గర టక్కుమనే చప్పుడు తగ్గింది గానీ పోలేదు. గట్టిగా ఆవులిస్తే ఇప్పటికీ వినిపిస్తుంది. అది పోతుందని మేడమ్ ఎన్నడూ మాటివ్వలేదు.