కొత్త కార్నియా స్కానర్ డెమోకి వస్తే నేను అడిగేవి

కార్నియా అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర. దాన్ని కొలిచే స్కానర్ డెమోలో ముందుగా చూపించేది రంగుల మ్యాపే. మధ్యకి కాస్త కింద ఎర్రటి మచ్చ, చుట్టూ పసుపు, ఆకుపచ్చ, చూడగానే కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు పొంగే జబ్బు) అని ఎవరైనా చెప్పేస్తారు. కానీ అంత ముదిరిన కన్నుని పట్టుకోవడానికి కొత్త మెషిన్ ఎందుకు? స్లిట్ ల్యాంప్ (డాక్టర్ కన్నుని పెద్దగా చేసి చూసే మైక్రోస్కోప్) దగ్గర కూర్చోబెడితే తెలిసిపోతుంది కదా.

నేను చూపించమనేది వేరే కన్ను. ఒక కంట్లో కెరటోకోనస్ బయటపడి, రెండో కంట్లో చూపు బాగానే ఉండి, కార్నియా ఆకారాన్ని చూపించే టోపోగ్రఫీ కూడా నార్మల్‌గా వచ్చినవాళ్లు ఉంటారు. ఈ జబ్బు చాలావరకు రెండు కళ్లకీ వచ్చేదే, ఒకదానికి ముందు, ఒకదానికి వెనక. ఆ రెండో కంట్లో మెషిన్‌కి ఏమైనా అనుమానం వచ్చిందా? నా పట్టింపంతా దీని మీదే, ఎందుకంటే అలాంటి కంటికి తెలియక లేసిక్ (అద్దాలు మానేందుకు చేసే లేజర్ ఆపరేషన్) చేస్తే కార్నియా బలహీనపడి ముందుకు పొంగే ప్రమాదం ఉంది, అదే ముందుగా తెలిస్తే కనిపెట్టుకుని ఉండి, ముదురుతోందనగానే కార్నియాని గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్సతో ఆపే వీలుంటుంది.

పాత ప్లాసిడో రింగులు (కంటి మీద పడే రింగుల ప్రతిబింబాన్ని చూసే పద్ధతి) కార్నియా ముందు ఉపరితలాన్నే చూస్తాయి. కార్నియాని అడ్డకోతలా ఫోటో తీసే షైమ్‌ఫ్లూగ్ కెమెరా వెనక ఉపరితలాన్నీ, మందాన్నీ కొలుస్తుంది. ఓసీటీ (కాంతితో పొరలని చూపించే స్కాన్) అయితే పై పొర ఎపిథీలియం మందాన్ని విడిగా చూపిస్తుంది, నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే. కార్నియా మధ్యలో మందం సుమారు 540 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), అందులో ఈ పొర 50 మాత్రమే. కింద పొంగు మొదలైతే ఈ పొర సరిగ్గా ఆ చోట పలచబడి, చుట్టూ మందమై, ఎత్తుపల్లాలు సర్దేస్తుంది. అందుకే పైనుంచి చూస్తే అంతా నున్నగా ఉంటుంది.

ఇక రిపీటబిలిటీ, అంటే మళ్లీ మళ్లీ కొలిచినా అదే అంకె రావడం. ఒకే కన్నుని, ప్రతిసారీ మెషిన్ మీంచి గడ్డం తీయించి మళ్లీ పెట్టించి, వేర్వేరు టెక్నీషియన్ల చేత స్కాన్ చేయించండి. కన్నీటి పొర ఆరినా, రెప్ప కాస్త వాలినా అంకెలు మారిపోతాయి. ఏడాదిలో కార్నియా వంపు 1 డయాప్టర్ (ఆ వంపుని లెక్కించే కొలత) పెరిగితే జబ్బు ముదిరిందని చాలామంది లెక్కేస్తారు, మెషినే వెంటవెంటనే తీసిన స్కాన్లలో అంత తేడా చూపిస్తుంటే ఇక దేన్ని నమ్మాలి? బ్రోషర్‌లో అంకెలు ఆరోగ్యమైన కళ్లవా, జబ్బు కళ్లవా అని తప్పకుండా అడగండి, ముదిరిన కళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. పాత మెషిన్ రీడింగ్ పక్కన కొత్తదాని రీడింగ్ పెట్టి ముదిరిందని చెప్పేయడం కూడా కుదరదు, రెండూ ఒకేలా కొలవవు.

జబ్బు ఉందో లేదో చెప్పే ఏఐ స్కోర్ 95 శాతం కరెక్ట్ అంటే నేను కాగితం మీద లెక్క వేస్తాను. వెయ్యి మందిలో 10 మందికి జబ్బు ఉందనుకుందాం. ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ 95 శాతం సరిగ్గా చెప్పినా, ఆ 10 మందిలో దాదాపు అందరూ దొరుకుతారు, వాళ్లతో పాటు ఏ జబ్బూ లేని 50 మంది దాకా టెన్షన్‌తో ఇంటికెళ్తారు. వాళ్లందరికీ రెండో పరీక్ష ఏం చేస్తాం, ఎవరు చేస్తారు, ఎన్నాళ్లకి మళ్లీ రమ్మంటాం అన్నది మెషిన్ కొనకముందే తేల్చుకోవాలి.