నీల్ ఐలాండ్‌లో ఓటీపీ

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగేసరికి ఫోన్‌లో ఫోర్‌జీ నిండుగా ఉంది. "అండమాన్‌లో నెట్ ఉండదు వదినా, జాగ్రత్త" అని భయపెట్టిన మా మరిదికి ఎయిర్‌పోర్ట్ బయటినుంచే వీడియో కాల్ చేశాం. మా గోల విన్న ఆటో అబ్బాయి తెలుగులో పలకరించాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, వైజాగ్‌లో ఓడెక్కి ఇక్కడ స్థిరపడ్డాడట. ఇక్కడ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. "ఇప్పుడు నయమమ్మా. కేబుల్ రాకముందు ఒక ఫొటో పంపి, భోంచేసి వచ్చినా వెళ్ళేది కాదు" అన్నాడు.

ఆ కేబుల్ చెన్నై నుంచి సముద్రం అడుగున వేసింది. 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. దీవుల మధ్య వేసినదంతా కలిపి దాదాపు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు ప్రధానంగా ఉపగ్రహమే దిక్కు. సిగ్నల్ 36,000 కిలోమీటర్లు పైకెళ్ళి దిగిరావాలి, ఆ వచ్చే కాస్తనీ అన్ని దీవులూ పంచుకోవాలి. కేబుల్ చేరే చోట్లలో హేవ్‌లాక్, లిటిల్ అండమాన్, రంగత్, కార్ నికోబార్ వగైరా ఉన్నాయి. ఆ జాబితాలో మేం వెళ్ళబోయే నీల్ దీవి పేరు మాత్రం లేదు. సర్కారీ కాగితాల్లో 2018 నుంచి అది షహీద్ ద్వీప్, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్. టికెట్ మీద ఆ పేర్లుంటాయి, నోట్లో పాతవే.

హేవ్‌లాక్‌లో నెట్ వస్తూ పోతూ ఉన్నా పని గడిచింది. రాధానగర్ బీచ్‌లో ఫోన్ తీయాలనే అనిపించలేదు కూడా.

నీల్‌లో దిగగానే నా సిమ్ పూర్తిగా చచ్చిపోయింది. మా ఆయన దానిలో ఒక గీత కనబడేది, అదీ రోడ్డు పక్కన నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడితేనే. రిసార్ట్‌లో వైఫై రిసెప్షన్ బల్ల చుట్టూ మాత్రమే. మొదటిరోజు ఎవరికీ పట్టలేదు. ఆటు సమయానికి వెళ్ళి రాతి వంతెన చూశాం. నీళ్ళు తీసిన రాళ్ళ గుంటల్లో సీ కుకుంబర్ అనే నల్లటి సముద్రజీవిని మా బాబు వేలితో తాకబోతే గైడ్ గట్టిగా అరిచాడు. సాయంత్రం ఐదింటికే పొద్దు గూకింది. గడియారం ఢిల్లీది, సూర్యుడు ఈ తూర్పు దీవులవాడు మరి!

మర్నాడు గాలి మొదలైంది. చిన్నప్పటి నుంచి రేడియోలో వింటూనే ఉన్నాం కదా, "దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అని. అది అక్కడినుంచి మన కోస్తాకి వచ్చేలోపు మనకి బోలెడు టైముంటుంది. ఇక్కడ మాత్రం పొద్దున్నే రిసెప్షన్ అబ్బాయి వచ్చి, "ఈరోజు బోట్లు బంద్" అని చెప్పి పోయాడు. మా హైదరాబాద్ ఫ్లైట్ మర్నాడు పొద్దున్నే పోర్ట్‌బ్లెయిర్ నుంచి. టికెట్ మార్చాలి, తేడా డబ్బులు కట్టాలి, అంటే ఓటీపీ రావాలి.

టికెట్ పేజీ తెరుచుకునేది వైఫై ఉన్న రిసెప్షన్‌లో. ఓటీపీ వచ్చేది నీళ్ళ ట్యాంకు దగ్గర మా ఆయన ఫోన్‌కి. రెంటికీ మధ్య కొబ్బరితోట. నేను బల్ల దగ్గర, ఆయన ట్యాంకు దగ్గర, తోట మధ్యలో మా బాబు. "వచ్చిందా?" అని నేను, "నాన్నా, వచ్చిందా?" అని వాడు, "రాలేదు" అని ఆయన. పేజీలో గడియారం వెనక్కి పరిగెడుతోంది. మళ్ళీ పంపమని నొక్కాను. అప్పుడు రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. బాబు ఉత్సాహంగా మొదటిది అరిచాడు. తప్పు అంది. రెండోది వాడి గొంతులో గాలికి సగం కొట్టుకుపోయి, "ఏడా? ఒకటా?" అని నేను అడిగేలోపు సెషన్ అయిపోయింది.

నెట్ లేకపోతే ప్రాణం హాయిగా ఉంటుందనేవాళ్ళని నేనూ చాలామందిని విన్నాను. వాళ్ళ బోటు ఎప్పుడూ బంద్ అయినట్టు లేదు.

మా తంటా చూసిన వంటాయన చేయి తుడుచుకుంటూ వచ్చాడు. బెంగాలీ ఆయన. నీల్‌లో చాలావరకు తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే. "దీదీ, ఇటు రండి" అని నన్ను కూడా ట్యాంకు దగ్గరికే తీసుకెళ్ళి, తన బీఎస్‌ఎన్‌ఎల్ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టాడు. పేజీ బొట్టు బొట్టుగా తెరుచుకుంది. ముగ్గురం సిమెంటు దిమ్మ మీద కూర్చుని, వంటాయన ఫోన్‌ని రాయికి ఆనించి, కదలకుండా కాపలా కాశాం. ఈసారి ఓటీపీ పక్కనే పడింది. టికెట్ మారింది. తేడా కట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. వంటాయన మాత్రం డబ్బు పుచ్చుకోలేదు, పొయ్యి మీద చేప మాడిపోతుందని వెళ్ళిపోయాడు.

రిసార్ట్ బిల్లు యూపీఐ తిరిగి తిరిగి ఆగిపోవడంతో నగదే ఇచ్చాం. మా అత్తగారు బలవంతాన బ్యాగు అడుగున పెట్టించిన నోట్లు అవి. బోట్లు మళ్ళీ నడిచాక జెట్టీలో, మెయిల్లో ఉన్న టికెట్ తెరవలేక చాలామంది ఫోన్లు పైకెత్తి తిరుగుతున్నారు. మాది కాగితం టికెట్, ఆధార్ జెరాక్స్‌తో సహా.

వెళ్ళేవాళ్ళు ఒక్కటి చూసుకోండి. చివరి రాత్రులు నీల్‌లోనో హేవ్‌లాక్‌లోనో పెట్టుకోకుండా, ఫ్లైట్‌కి రెండు రోజుల ముందే పోర్ట్‌బ్లెయిర్ చేరిపోండి. టికెట్లు ప్రింట్ తీసుకోండి, నగదు ఉంచుకోండి. ఇంట్లో ఎవరిదైనా బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ ఉంటే అదీ పట్టుకెళ్ళండి.