నడకకూ సైకిలుకూ ఒకే బాట: మన్నిక ఉన్నది అడుగున

నడిచేవారూ సైకిలు తొక్కేవారూ కలిసి వాడుకునే బాటను వేయడం రోడ్డు వేయడం కంటే తేలికైన పని అని చాలామంది భావిస్తారు. బరువైన వాహనాలు తిరగవు కనుక నేలను చదును చేసి పలుచగా తారు పరిస్తే చాలునన్న ధీమా దీనికి కారణం. అయితే పైభాగం అరిగిపోయి పాడైన బాట నాకు ఎక్కడా కనిపించలేదు. అడుగు కుంగినవీ, అంచులు విరిగినవీ, చెట్ల వేళ్లు పైకి తన్నినవీ మాత్రం చాలా చూశాను.

1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల సర్వేయరుగా నియమితుడైన జాన్ లౌడన్ మెకాడమ్, బరువును నిజంగా మోసేది సహజమైన నేలేననీ, అది పొడిగా ఉన్నంతకాలం కుంగకుండా మోయగలదనీ వాదించాడు. పైన పరిచే రాయి చేయవలసిన ముఖ్యమైన పని ఆ నేలను తడవకుండా కాపాడటమే. తక్కువ మందంతో వేసే బాటలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది. గడ్డీ వేళ్లూ కుళ్లిన ఆకులూ కలిసిన పైమట్టిని పూర్తిగా తొలగించి, అడుగు నేలను రోలరుతో దట్టించి, మెత్తని మట్టి ఉన్నచోట జియోటెక్స్‌టైల్ వస్త్రం పరిచి, దానిపైన పెద్ద కంకర మొదలు రాతిపొడి వరకు అన్ని పరిమాణాలూ కలిసిన రాయిని కనీసం 150 మిల్లీమీటర్ల మందాన వేయాలి. ఆ వస్త్రం లేకపోతే బంకమట్టి మెల్లగా కంకర సందుల్లోకి ఎక్కుతుంది, కంకర మట్టిలోకి దిగిపోతుంది. తగినంత తేమ చూసుకుని పొరలుపొరలుగా దట్టించకపోతే, ఎంత మంచి రాయి వేసినా ఆ దట్టింపు తరువాత వానలే చేస్తాయి, అదీ ఒక్కోచోట ఒక్కోలా. నల్లరేగడి నేల అయితే తడికి ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుతుంది కనుక అక్కడ మందం పెంచక తప్పదు.

పాత రైలుమార్గాల మీద వేసిన బాటలు బాగా నిలవడానికి కారణం కూడా ఇదే. 1979 నుంచి 1986 వరకు దశలవారీగా నిర్మించిన, బ్రిస్టల్, బాత్ నగరాలను కలిపే రైల్వే బాట అటువంటిది. నీరు పోయే ఏర్పాటు, రైళ్ల బరువుకు గట్టిపడిన కట్ట, అతి స్వల్పమైన ఏటవాలు అన్నీ అక్కడ ముందే సిద్ధంగా ఉంటాయి.

బరువు విషయంలో ఒక లెక్క చూడాలి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారు రెట్లు అవుతుందని 1950ల చివర అమెరికాలో జరిపిన రోడ్డు పరీక్షలు చూపాయి. సైకిలు వంటి అతి తేలికైన వాహనానికి ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టుగా అన్వయించడం సరికాదు గానీ, దాని సారాంశం స్పష్టమే: వేలాది సైకిళ్లు చేయని నష్టాన్ని కొమ్మలు నరకడానికో చెత్త ఎత్తడానికో వచ్చే ఒక్క లారీ చేసిపోతుంది. కాబట్టి బాట మందాన్ని రోజూ వాడేవారిని బట్టి నిర్ణయించకూడదు, అప్పుడప్పుడూ వచ్చే ఆ లారీని బట్టి నిర్ణయించాలి.

ఆ లారీ చక్రాలు పడేది అంచుల మీదనే, ఎందుకంటే బాట వెడల్పు సాధారణంగా మూడు మీటర్లకు అటూఇటూగానే ఉంటుంది. పక్కన ఆనిక లేని అంచు ముందుగా చిట్లుతుంది, ఆ పగుళ్లలోంచి నీరు అడుగుకు చేరుతుంది. కంకర పొరను తారుకంటే ఇరువైపులా కనీసం 150 మిల్లీమీటర్లు ఎక్కువగా పరచడమే దీనికి చవకైన విరుగుడు. ఖర్చు తగ్గించే పేరుతో మొదట కత్తిరించేదీ ఈ అదనపు వెడల్పునే, అది పనికిమాలిన పొదుపు. పక్కన గోడ గానీ కంచె గానీ ఉంటే సైకిలువారు దానికి దూరంగా జరుగుతారు కనుక సుమారు అర మీటరు వెడల్పు వృథా అవుతుంది. ఆ మేరకు బాటను పెంచాలి.

తారు కింద నిలిచే తేమను వెతుక్కుంటూ చెట్ల వేళ్లు పొర అడుగునే పాకి, లావెక్కుతూ బాటను ఉబ్బెత్తుగా లేపుతాయి. నడిచేవారు వాటిని దాటుకుపోతారు, సన్నని టైర్లకూ చక్రాల కుర్చీలకూ అవి పెద్ద అడ్డంకులు. చెట్టు మొదలుకు దూరంగా బాటను మళ్లించడం, వీలుకాని చోట వేళ్లకు అడ్డుగా పలకలు నిలువుగా పాతడం తప్ప వేరే మార్గం లేదు.

పైపొర ఎంపిక గురించి వాదాలు ఎక్కువ, అవసరం తక్కువ. పరుగెత్తేవారికి దట్టించిన రాతిపొడి బాట మోకాళ్లకు సుఖం, కానీ ఏటవాలు ఐదు శాతం దాటితే వాననీరు దానిని కోసేస్తుంది. కాంక్రీటు వేస్తే ముక్కల మధ్య కీళ్లను గట్టిపడ్డాక రంపంతో సన్నగా కోయించాలి, పచ్చిగా ఉన్నప్పుడు పనిముట్టుతో గీసిన వెడల్పాటి కీళ్లు సైకిలును ప్రతిసారీ కుదుపుతాయి. తారును చేతితో కాక యంత్రంతో పరిస్తేనే అలలు రాకుండా ఉంటుంది. ఏ పొర అయినా అడ్డంగా సుమారు రెండు శాతం వాలు ఇవ్వాలి, అంతకు మించితే చక్రాల కుర్చీ పక్కకు లాగేస్తుంది.

అంచున పెరిగే గడ్డి, రాలిన ఆకులు ఏటేటా మట్టిగా మారి చిన్న గట్టులా లేస్తాయి, నీరు దిగిపోయే దారి మూసుకుపోతుంది. సంవత్సరానికొకసారి ఆ గట్టును పారతో చెక్కించాలి. వాన వెలిసి ఆరిపోయాక వెళ్తే నీరు ఎక్కడ ఆగిందో కనిపించదు, కనుక గొడుగు వేసుకుని వానలోనే బాటంతా నడిచి చూసి, నీరు నిలిచిన చోట్లను సుద్దతో కాకుండా మేకులు కొట్టి గుర్తు పెట్టుకోవాలి.