ఎండు రంపం ఏ చేపదో తేల్చిన క్రమం

విశాఖపట్నంలో మా కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలోని పాత నమూనాలకు కొత్త పట్టిక రాసే పని నాకు అప్పగించారు. అందులో నన్ను ఎక్కువ కాలం ఆపేసింది ‘రంపపు సొర’ అన్న చీటీ అంటించిన ఒక పొడవాటి ఎండు ముట్టె.

చేప మొత్తం దొరికి ఉంటే గుర్తింపు సులువే. రంపపు సొరకు మొప్ప చీలికలు తలకు రెండు పక్కలా ఉంటాయి, ముట్టె కింద ఒక జత మీసాలు వేలాడతాయి. ఇలాంటి రంపపు ముట్టే ఉన్నా, చదునైన ఒళ్లుండే టేకు చేపల (రే చేపల) వర్గానికి చెందిన రంపపు చేపకు మొప్పలు అడుగువైపు ఉంటాయి, మీసాలు అసలే ఉండవు. నా చేతిలో ఉన్నది ముట్టె ఒక్కటే కనుక వర్గీకరణ గ్రంథాలు ముందేసుకుని కూర్చున్నాను.

రంపపు సొరలన్నీ ప్రిస్టియోఫోరిఫార్మీస్ క్రమంలోని ప్రిస్టియోఫోరిడే అనే ఒకే కుటుంబానికి చెందుతాయి. ఐదు జతల మొప్ప చీలికలున్న ప్రిస్టియోఫోరస్, ఆరు జతలున్న ప్లియోట్రీమా అని ప్రజాతులు రెండే. 1906లో వర్ణించిన ప్లియోట్రీమా వారెనీ తన ప్రజాతిలో శతాబ్దానికి పైగా ఏకైక జాతిగా నిలిచాక, 2020లో పశ్చిమ హిందూ మహాసముద్రం నుంచి కాజే, అన్నే అనే మరో రెండు జాతులు వచ్చి చేరాయని చదివినప్పుడు కలిగిన ఉత్సాహం ఇంతా అంతా కాదు.

అసలు ఆధారం దంతాల్లో దొరికింది. రంపపు సొర ముట్టెపై పెద్ద దంతాల నడుమ చిన్నవి ఉంటాయి, ఊడినవాటి స్థానంలో కొత్తవి వస్తాయి. భూతద్దంతో చూస్తే మా నమూనాలో చిన్న దంతాలు ఒక్కటీ లేవు. ప్రతి దంతమూ గట్టి గుంటలో పాతుకుని ఉంది, ఒకటి ఊడిన చోట ఆ గుంట లోతుగా, ఖాళీగా కనిపించింది. కనుక ఇది రంపపు చేపదే. పైగా ముట్టె మొదట్లో దాదాపు పావు వంతు మేర దంతాలే లేవు, ఉన్నవి బల్లపరుపుగా త్రికోణాకారంలో ఉన్నాయి, వాటి వెనుక అంచున గాడి లేదు. ఈ లక్షణాలన్నీ రంపపు చేపల్లో అనాక్సిప్రిస్టిస్ కస్పిడేటా అనే జాతికే సరిపోతాయి.

ఈ జాతికి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది కనుక చీటీ మార్చి ఊరుకోకూడదని నాకు గట్టిగా అనిపించింది. కొలతలు, రెండు వైపుల దంతాల లెక్క, ఫొటోలు జతచేసి, నమూనా మా వద్ద ఉన్న సంగతి అటవీ శాఖకు తెలియజేసే లేఖను సిద్ధం చేసి శాఖాధిపతికి అందజేశాను.