“జెండాపై కపిరాజు ఏదిరా?”

మన బడి సంచికకి ఏదైనా రాయమంటే అందరూ మాస్టార్ల గురించీ బెత్తం దెబ్బల గురించీ రాస్తారని తెలుసు కాబట్టి నేను నాటకం గురించి రాస్తున్నాను. నిజానికి మన బడి ఎక్కడ అయిపోయి ఊరి నాటకం ఎక్కడ మొదలయ్యేదో నాకు చిన్నప్పుడు తెలిసేది కాదు. హార్మోనియం ఉండేది సైన్సు బీరువా వెనకాల. స్టేజి అంటే మన క్లాసు బల్లలే, కాళ్లకి కాళ్లు కలిపి కొబ్బరితాడుతో కట్టేవాళ్లు, పైన తాటాకు చాపలు పరిచేవాళ్లు. దర్బారు తెర వేసింది డ్రాయింగు మాస్టారు. అందులో స్తంభాలు కొంచెం ఎడమకి ఒరిగి ఉంటాయి, హస్తినాపురం ఏ క్షణాన కూలుతుందో అన్నట్టు.

మన ఊళ్లో నాటకం శ్రీరామనవమికి. వరి ఎప్పుడో ఇంటికొచ్చేసి, మినుములు కూడా కొట్టేసుకుని, రైతులు కాస్త తీరిగ్గా ఉండే రోజులు. మనకి మాత్రం అవే పరీక్షల రోజులు. రాత్రి తొమ్మిదికి బడి వరండాలో రిహార్సల్ మొదలయ్యేది, ఊళ్లో అంత పెద్ద సిమెంటు గచ్చు, ట్యూబులైటు ఉన్న చోటు అదొక్కటే కదా. చదువుకోవడానికి లైటు కోసం వచ్చిన మేం పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాయబారం చూసేవాళ్లం. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో నాకు ముప్పైఎనిమిది మార్కులు రావడానికి కారణం దుర్యోధనుడే.

ఎవరికీ పైసా ఇచ్చేది లేదు. దర్శకత్వం మన తెలుగు మాస్టారు, ఆయన ముందు వేరొక మాస్టారట, ఆయనకి ముందు కరణంగారట. తెనాలి మనకి అంత దగ్గర కావడం వల్ల ఆ పిచ్చి మన ఊరిదాకా పాకి ఉంటుంది. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది అక్కడే. డ్రస్సులూ కిరీటాలూ అక్కణ్ణుంచే అద్దెకి వచ్చేవి. డబ్బు ఖర్చయ్యేది ఆ డ్రస్సులకి, మైకుకి, ఆడవేషం వేసే ఆర్టిస్టుకి. అంతకుముందు ద్రౌపది వేషం మన దర్జీ బాబాయిదే. బాపట్ల స్థానం నరసింహారావుగారు ఆడవేషాలు వేసి పద్మశ్రీ తెచ్చుకున్నారని ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. కానీ ఆయన నవమికి మీసం తీసేసిన రోజు నుంచి అది మళ్లీ మొలిచేదాకా పిన్ని ఆయనతో సరిగ్గా మాట్లాడేది కాదు. ఒక ఏడాది ఇంక నావల్ల కాదన్నాడు. ఆ తర్వాతే తెనాలి నుంచి ఆర్టిస్టుని పిలవడం.

ఒక ఏడాది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, అంటే ఊళ్లో అందరూ కురుక్షేత్రం అనేది. మరుసటి ఏడాది బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర. కుర్రాళ్లు చింతామణి వేద్దామని గోల పెట్టినా మాస్టారు ఒప్పుకోలేదు, అందులో సుబ్బిశెట్టి అనే వైశ్యుడి మీద నవ్వులాట ఉంటుంది. విలువలూ అవీ చెప్పలేదు ఆయన, “సుబ్బిశెట్టి మీద జోకులేస్తే పెట్రోమాక్సుకి కిరసనాయిలు నువ్వు తెస్తావురా?” అన్నారు. కిరసనాయిలు ఏటా ఊరికే ఇచ్చేది మన కొట్టు శెట్టిగారే మరి. 2022లో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించిందని పేపర్లో చూసినప్పుడు నాకు ఆ కిరసనాయిలు డబ్బానే గుర్తొచ్చింది.

కృష్ణుడి వేషం దగ్గర ప్రతి ఏడూ గొడవే. ముగ్గురికి గొంతు ఉంది, ముగ్గురూ తగ్గరు. పెద్ద ఆర్టిస్టుల కాంట్రాక్టు నాటకాల్లో పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఒకడు, యుద్ధానికి ఇంకొకడు ఉండటం మీరూ చూసే ఉంటారు. అక్కడ అది గొప్ప, ముగ్గురు పేరున్నవాళ్లని ఒకే రాత్రి చూపిస్తున్నాం అని. మన దగ్గర మాత్రం తగువు తీర్పు. రాయబారం ఎవరికి రావాలన్నది తేలక ఒకసారి చీటీలు వేశారు, చీటీ తీసింది నేను. ఓడిపోయిన కృష్ణుడు వారం రోజులు మా ఇంటిముందు నుంచి సైకిలు మీద వెళుతూ ఇటు చూడలేదు.

వీళ్లలో చాలామందికి చదువు అంతంతమాత్రం. భీముడు వేసే ఆయనకి సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. మాస్టారు ఆయనకి పద్యం ఎలా నేర్పేవారో చెప్పాలి. ముందు మొత్తం పాడరు. ఒక్కో మాట విడగొట్టి, అర్థం చెప్పి, ఆ మాట మీద చెయ్యి ఎటు లేవాలో చూపించి, “ఇప్పుడు నువ్వు నీ తమ్ముడితో గట్టు తగువు పడుతున్నావు, అను” అనేవారు. గట్టు తగువు నిజంగానే నడుస్తోంది, తమ్ముడు వరండా అవతలి చివర నకులుడు. భీముడు అన్నాడు. వరండా దద్దరిల్లింది. మనకి క్లాసులో సవర్ణదీర్ఘసంధి చెప్పినప్పుడు ఆయన అంత ఇష్టంగా చెప్పలేదనే నా అభిప్రాయం, మాస్టారు లోకంలో లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

హార్మోనియం తాత గురించి రాయకపోతే ఇదంతా దండగ. ఆయనది పల్లె, అంటే ఊరికి ఎడంగా దళితులు ఉండే పేట. ఆదివారం పొద్దున చర్చిలో వాయించేది, నవమినాడు రాత్రి పందిట్లో వాయించేది ఆయనే. కాళ్లతో తొక్కే పెట్టె, ఎడమ పెడలు కిర్రుమనేది, అందుకని పక్కన గ్లాసులో కొంచెం ఆముదం ఉంచుకునేవాడు. ‘పరాబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన మొదలవగానే కళ్లు మూసుకుని తల ఊపేవాడు. అది రాసింది ఖమ్మం వైపు చందాల కేశవదాసుగారనీ, తొలి తెలుగు టాకీకి పాటలు రాసిందీ ఆయనేననీ నాకు చెప్పింది మాస్టారు కాదు, ఈ తాతే.

హరిశ్చంద్ర రిహార్సల్‌లో ఒక రాత్రి కాటిసీను. ఆ సీనుకి ఊరంతా ఏడ్చే పద్యాలు బలిజేపల్లివారివి కావనీ, వినుకొండ జాషువాగారి ‘శ్మశానవాటి’ ఖండికలోవనీ మాస్టారు చెప్పారు. ఎవరో “అంటే పల్లె ఆయనా?” అన్నారు. మాస్టారు ఏమీ అనలేదు. తాత హార్మోనియం మెట్లమీద వేళ్లు అలాగే ఉంచి, శ్రుతి ఆపకుండా తొక్కుతూనే ఉన్నాడు. ఆ ఏడు నవమికి కూడా పల్లెవాళ్లు పందిరి బయట, కాలవ గట్టు మీద వాళ్ల చాపలు వాళ్లు తెచ్చుకుని కూర్చునే చూశారు. వాళ్ల మనిషి స్టేజి ముందు, వాళ్ల కవి పద్యం మైకులో. అప్పట్లో నాకిది వింతగా అనిపించలేదు. ఇప్పుడు అందరూ కలిసే కూర్చుంటున్నారు, మన నాటకం తెచ్చిన మార్పని మాత్రం చెప్పుకోను. షామియానా అతను ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాడు, ముందొచ్చినవాళ్లు ముందు కూర్చున్నారు.

ఇక నా ఘనకార్యం. గొంతు లేదు, ఎత్తు లేదు, కాబట్టి తొమ్మిదో తరగతిలో నన్ను ప్రాంప్టింగుకి పెట్టారు. సైడు తెర వెనక పీట, చేతిలో పుస్తకం, బ్యాటరీ లైటు. ఒంటిగంట దాటింది, రాయబారం నడుస్తోంది. చదివింపుల కోసం మైకు రెండుసార్లు ఆపారు, ఫలానావారు కృష్ణ పాత్రధారికి నూటపదహార్లు, ఫలానావారు హార్మోనిస్టుకి యాభైఒక్కటి. ఆ సందులో నాకు కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచి పేజీ తిప్పాను, రెండు పేజీలు కలిసి తిరిగాయి. నేనందించిన మాట దుర్యోధనుడిది. ఆయన పాపం అందుకుని కృష్ణుణ్ణి కట్టేయమన్నాడు, భటుడు తాడుతో ముందుకొచ్చాడు, కృష్ణుడు కళ్లతోనే నన్ను చంపేస్తున్నాడు.

ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక మామ్మ లేచి నిలబడింది. మైకు కన్నా గట్టిగా, “ఒరేయ్, జెండాపై కపిరాజు ఏదిరా? మింగేశారా?” అంది.

పందిరంతా గొల్లుమంది. ఈలలు. తాత ఒక్క క్షణం ఆలోచించలేదు, కృష్ణుడి నాలుగు శ్రుతి పట్టి నేను ఎగరగొట్టిన ఆ పద్యం రాగం ఎత్తుకున్నాడు. భటుడు తాడు చుట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. కృష్ణుడు ఏమీ జరగనట్టు ఉత్తరీయం సర్దుకుని పద్యం అందుకున్నాడు, ఆ రాత్రి పాడినంత బాగా ఆయన మళ్లీ ఎప్పుడూ పాడలేదు. వన్స్‌మోర్‌లు మూడు. తెర పడ్డాక మాస్టారు నా చెవి మెలిపెట్టారు, తాత మాత్రం నాకు తన టీ సగం పోశాడు.

టీవీలు వచ్చాక నాలుగైదేళ్లు ఆగిపోతుందేమో అనిపించింది. కాంట్రాక్టు నాటకాలు వచ్చాక ఇంకా టెన్షన్, అంత పెద్ద గొంతులు విన్నాక మనవాళ్లని ఎవరు వింటారని. విన్నారు. కాంట్రాక్టు కృష్ణుడు తప్పు పాడితే ఎవరూ లేచి అడగలేరు, మన కృష్ణుణ్ణి మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర నిలేయొచ్చు. తాత పోయాక ఆయన మనవరాలు వాయిస్తోంది, పాత పెట్టె తిత్తి చినిగిపోయింది కాబట్టి కీబోర్డు మీద. కిర్రుమనే చప్పుడు లేకపోవడం ఒక్కటే లోటు. పాతది మన బడి స్టోరు రూములో ఉంది, సంచిక కమిటీవాళ్లు బల్లలు పాతసామాను కింద అమ్మేటప్పుడు పొరపాటున దాన్ని కూడా తోసేయకండి.

వచ్చే నవమికి కురుక్షేత్రం. కృష్ణులు ముగ్గురూ కుదిరారు, గొడవ కూడా మొదలైంది. ధర్మరాజు దొరకలేదు, హైదరాబాదులో ఉన్నవాళ్లయినా, అమెరికాలో ఉన్నవాళ్లయినా నెల రోజుల ముందు దిగగలిగితే చెప్పండి, గొంతు ఓ మోస్తరుగా ఉన్నా చాలు. ప్రాంప్టింగ్ మాత్రం ఎవరికీ ఇవ్వను. ఈసారి పుస్తకంలో పేజీలన్నీ విడదీసి ఉంచాను.